పాత చీరలతో నెల రోజుల పని

కార్తీకం వెళ్ళేసరికి కోరాపుట్ కొండల మీద చలి ముదురుతుంది. కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. సునాబెడ, సెమిలిగుడ, దామంజోడి అన్నీ ఆ కొండల మీది ఊళ్ళే. ఘాట్ దిగి రాయగడ చేరితే ఎత్తు రెండు వందల మీటర్ల చిల్లరకు పడిపోతుంది, చలి కూడా అంతగా కొరకదు. బొంతకు ఎన్ని పొరలు వెయ్యాలన్నది ఈ తేడా మీదే ఆధారపడుతుంది కాబట్టి ముందే చెబుతున్నాను.

ఒడిశాలోని ఈ కోరాపుట్, రాయగడ జిల్లాల్లో తెలుగు ఇళ్ళు తక్కువేమీ కావు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం ఏజెన్సీ. 1992 అక్టోబరు 2న రాయగడ విడి జిల్లా అయింది. రాయగడలో, గుణుపురంలో, జయపురంలో బజారుకు వెళ్తే ఒడియాతో పాటు తెలుగూ వినిపిస్తుంది. ఆ ఇళ్ళలో చాలావాటిలో ట్రంకుపెట్టె అడుగున నూలు చీరలు కొన్ని ఉంటాయి. కట్టుకోవడానికి పనికిరావు, పారెయ్యడానికి మనసొప్పదు. రోజుకు రెండు గంటల చొప్పున నెల రోజులు కూర్చుంటే వాటితో ఒక బొంత, గుమ్మం ముందు వేసుకునే పట్టా, పాత స్వెట్టరు విప్పిన ఊలుతో ఒక మఫ్లరు తయారవుతాయి. ఖర్చల్లా దారానికీ సూదులకే.

కొత్త బట్ట కొనే స్తోమత లేనివాళ్ళు చేసుకునే పని ఇది అని చాలామంది అనుకుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. బొంతకు పాత నూలుచీరే మేలైన సరుకు. కొత్త నూలుబట్టలో గంజి ఉంటుంది, మొదటి నాలుగైదు ఉతుకుల్లో ఆ బట్ట ముడుచుకుపోతుంది. ఒక పొర కొత్తదీ ఒక పొర పాతదీ కలిపి కుట్టి ఉతికితే కొత్తది ముడుచుకుని బొంతంతా ముడతలు పడుతుంది. ఏళ్ళ తరబడి ఉతికిన చీర ఎంత ముడుచుకోవాలో అంతా ముడుచుకుపోయి ఉంటుంది. పోగు మెత్తబడి ఉంటుంది, సూది అడ్డు లేకుండా దిగుతుంది, చెమట ఇట్టే పీల్చుకుంటుంది. పురిటిబిడ్డను పొత్తిళ్ళలో పెట్టడానికి మన పెద్దవాళ్ళు కొత్త బట్టను పక్కనపెట్టి పాత చీరనే చింపడానికీ కారణం ఇదే.

ఇంట్లో బట్ట చాలకపోతే బయట దొరుకుతుంది. దర్జీ కొట్లో జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలు మూటకట్టి మూల పడేసి ఉంటాయి, అడిగితే ఇస్తారు. పాతబట్టలు తీసుకుని స్టీలు సామాను ఇచ్చే ఆడవాళ్ళు వీధిలోకి వస్తే మనం చీరలు ఇచ్చి గిన్నె పుచ్చుకుంటాం. వాళ్ళ మూట విప్పించి, మనకు కావలసిన నూలు చీరలు మనమే కొనుక్కోవచ్చు. చలికాలంలో రోడ్డు పక్క పట్టా పరిచి కుప్పలుగా పోసి అమ్మే పాత స్వెట్టర్లు ఊలుకు అక్కరకొస్తాయి. అల్లిక బాగోలేదనో సైజు చాలదనో ఎవరూ ముట్టని స్వెట్టరే మనకు కావలసింది. రంగు నచ్చితే చాలు, ఎటూ విప్పేస్తాం.

ఇక్కడి సంతల్లో కత్తెర పెట్టకూడని బట్టలూ కనబడతాయి, వాటిని గుర్తుపట్టడం నేర్చుకోవాలి. కోరాపుట్ జిల్లాలోని కోట్‌పాడ్‌లో మిర్గాన్ నేతగాళ్ళు తొగరు చెట్టు వేరుతో నూలుకు ఎరుపూ ముదురు గోధుమా రంగులు వేసి చీరలు, తువ్వాళ్ళు నేస్తారు. నూలుకు ఆముదం, బూడిద పట్టించి, ఎండబెట్టి, మళ్ళీ పట్టించి రంగు ఎక్కించడానికే వారాలు పడుతుంది. ఆ బట్టకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ ఊరి నేతగాడు గోబర్ధన్ పాణికకు 2018లో పద్మశ్రీ ఇచ్చారు. గదబ స్త్రీలు కెరాంగ్ అనే అడవి నారతో చారల బట్ట నేసుకునేవారు, ఇప్పుడు నేసే చేతులు బాగా తగ్గిపోయాయి. నియమగిరి కొండల మీది డోంగ్రియా కంధుల కప్డాగండా శాలువా మరొకటి. తెల్లని ముతక బట్ట మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో గీతలూ కొండల్లాంటి త్రికోణాలూ కుడతారు. అమ్మాయిలు తమకు ప్రియమైనవాళ్ళ కోసం దీన్ని కుట్టి ఇవ్వడం ఆచారం. 2024లో దీనికీ భౌగోళిక గుర్తింపు దక్కింది. బుధవారం నాడు చాటికోన సంతకు డోంగ్రియాలు కొండ దిగి వస్తారు. వీటిలో ఏదైనా పాతది చేతికొస్తే చిరుగు దగ్గర సన్నగా కుట్టి, ఉన్నది ఉన్నట్టు దాచుకోవాలి. ముక్కలు చేసి సంచీకి అతికిస్తే ఒక మనిషి నెలల తరబడి చేసిన పని పోతుంది. ఆ గీతలూ త్రికోణాలూ మనం కుట్టి డోంగ్రియా పని అని అమ్ముకోవడం ఇంకా తప్పు.

మొదటి వారం సూది ముట్టకండి. ఆ వారమంతా బట్టను వేరు చెయ్యడానికీ ఉతకడానికే. కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. నూలు అనుకున్నది సగం పాలిస్టరై ఉంటుంది. అంచు నుంచి రెండు మూడు పోగులు లాగి, నీళ్ళు పోసిన స్టీలు పళ్ళెం మీద పట్టుకుని అగ్గిపుల్ల అంటించి చూడండి. నూలు కాగితంలా కాలి, వేళ్ళ మధ్య నలిపితే పొడి అయిపోయే బూడిద ఇస్తుంది. పాలిస్టరు కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. ఊలు నెమ్మదిగా కాలుతూ వెంట్రుక కాలిన వాసన వేస్తుంది. నైలెక్సు చీరలు, జార్జెట్లు బొంతలోకి వద్దు. చెమట పీల్చవు, పొరల మధ్య జారిపోతాయి. వాటిని సంచీకి లోపలి గుడ్డగా వాడుకోవచ్చు.

బయట కొన్న నూలుబట్టను మసిలే నీళ్ళలో సబ్బు వేసి నానబెట్టి ఉతకాలి. నల్లులూ వాటి గుడ్లూ ఎండకు తేలిగ్గా చావవు, వేడినీళ్ళకు చస్తాయి. ఊలును మాత్రం మసిలే నీళ్ళలో వేస్తే పోగులు ఒకదానికొకటి పట్టుకుని బట్ట అట్టలా బిగిసిపోతుంది, అది మళ్ళీ విడివడదు. ఊలుకు గోరువెచ్చని నీళ్ళు, కొద్దిగా షాంపూ చాలు, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కాలి.

ఉతికి ఆరిన చీరను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. చీర అంతటా ఒకేలా అరగదు. కుచ్చిళ్ళు దోపుకునే చోట, కూర్చునే చోట వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు వస్తుంది. మొదట చుట్టుకునే లోపలి చెంగు, పైట కొంగు గట్టిగా ఉంటాయి. అంచు అన్నిటికన్నా దిట్టం, ఎందుకంటే అక్కడ పడుగు పోగులు ఒత్తుగా ఉంటాయి. గట్టి చోట్లు పైపొరకు, పలచబడినవి లోపలికి, అంచులు అంచుకే అని అప్పుడే సుద్దతో గుర్తులు పెట్టుకుంటే సగం పని అయినట్టే.

లెక్క చూద్దాం. చీర పొడవు అయిదున్నర మీటర్లు, పన్నా సుమారు 115 సెంటీమీటర్లు. పొడవును మూడుగా మడిస్తే ఒక్కో మడత 183 సెంటీమీటర్లు. అంటే ఒక్క చీరే ఒక మనిషి కప్పుకునే బొంతకు మూడు పొరలిస్తుంది. రాయగడ చలికి ఆ మూడు పొరలు సరిపోతాయి. కోరాపుట్ మీద ఉండేవాళ్ళు రెండు చీరలు తీసుకుని ఆరు పొరలు వేసుకోవచ్చు, లేదా మూడు పొరల మధ్య చిల్లులు పడ్డ పాత ఊలు శాలువా పరుచుకోవచ్చు. ఇద్దరు కప్పుకునే బొంతకు ముక్కలను పన్నా వైపున పక్కపక్కన అతకాలి. అప్పుడు మూడు పొరలకు రెండు చీరలు పడతాయి. మూడు చీరలు తీసుకుంటే నాలుగు పొరలు వచ్చి ఒక ముక్క మిగులుతుంది, అది మాసికలకు పనికొస్తుంది.

మడిచేటప్పుడు చిన్న జాగ్రత్త ఉంది. పలచబడ్డ చోటు మీద పలచబడ్డ చోటు పడకూడదు. అవసరమైతే చీరను మడత దగ్గర చింపి ముక్కను తిరగేసి వెయ్యండి. చిల్లు ఉంటే పొరలు పరచకముందే మాసిక వెయ్యాలి. మాసిక అంచులు గోరు వెడల్పున లోపలికి మడిచి కుడితేనే అది నిలుస్తుంది.

ఇప్పుడు నేల. గచ్చు కడిగి ఆరనిచ్చి దాని మీద పొరలు పరచండి. బట్టను లాగి బిగించొద్దు, అరచేత్తో నడిమి నుంచి బయటికి రాస్తూ సరిచెయ్యండి. నాలుగు మూలల్లో ఇటుకో పొత్రమో బరువు పెట్టండి. తర్వాత టాకాలు, అంటే జానెడేసి ఎడంతో తాత్కాలికంగా వేసే పొడుగు కుట్లు. ఇవి నడిమధ్యలో మొదలై నాలుగు వైపులకూ వెళ్ళాలి. అంచు దగ్గర మొదలుపెడితే పొరల వదులు నడిమికి చేరి అక్కడ బుడగలా లేస్తుంది, దాన్ని తర్వాత ఏ కుట్టూ సర్దలేదు. మధ్య నుంచి వెళ్తే ఆ వదులు అంచుకు పోతుంది, అక్కడ కత్తిరించేస్తాం.

అసలు కుట్టు చాలా సులువు. సూది లోపలికి దిగడం, పైకి రావడం, అంతే. పొడుగ్గా సన్నగా ఉండే సూది కావాలి. దబ్బనం వాడితే అరిగిన బట్టలో పెద్ద బెజ్జాలు పడి, ఆ బెజ్జాల వెంట గీత గీసినట్టు చిరుగుతుంది. దారం రెండు మూరలకు మించితే చిక్కుపడుతుంది. ముడి పైకి కనిపించకుండా పొరల మధ్యకు లాగెయ్యాలి. వరసల మధ్య ఎడం రెండు వేళ్ళు, సుమారు మూడు సెంటీమీటర్లు. ఒక మనిషి బొంతకు పొడవునా 38 వరసలు వస్తాయి, మొత్తం కుట్టు 70 మీటర్లు. వరసకు ఇరవై నిమిషాలు పడితే పదమూడు గంటలు. రోజుకు రెండు గంటల చొప్పున వారం రోజుల్లో వరసలు ముగుస్తాయి. టాకాలకూ అంచుకూ ఇంకో వారం పెట్టుకుంటే రెండో వారం, మూడో వారం బొంతకే సరి.

ఒత్తుగా కుడితే గట్టిగా ఉంటుందని కొందరు వేలెడు ఎడం కూడా లేకుండా కుడతారు. గట్టిగానే ఉంటుంది, వెచ్చదనం పోతుంది. బొంత వెచ్చగా ఉండడానికి కారణం పొరల మధ్య చిక్కుకున్న గాలి. కుట్టు ఒత్తయితే పొరలు అణిగిపోయి ఆ గాలికి చోటుండదు. పలచబడ్డ చోట్ల మాత్రం వరసల మధ్య ఇంకో వరస వెయ్యడం మంచిది.

చివరగా అంచు. బొంత ముందు అరిగేది చుట్టూ ఉన్న అంచులోనే, గడ్డం కిందికి లాక్కునే వైపున మరీను. మొదట విడిగా పెట్టుకున్న చీర అంచులు ఇక్కడికి వస్తాయి. నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీని సగానికి మడిచి బొంత కొసను అందులో పెట్టి రెండు వైపులా కలిసేలా కుట్టాలి. ఎర్ర అంచో పచ్చ అంచో ఉంటే ఆ ఒక్కదానితోనే బొంతకు అందం వచ్చేస్తుంది.

ఇది ఒక్క మన పని కాదు. బెంగాలీలు కాంథా అన్నా, బీహారులో సుజనీ అన్నా, ఉత్తర కన్నడ అడవుల్లోని సిద్దీలు కవంది అన్నా పాతబట్ట పొరలే, ఇదే కుట్టే. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే పల్లెలో, బానిసలుగా బతికినవారి వారసులైన నల్లజాతి స్త్రీలు పొలం పనికి వేసుకుని అరిగిన ప్యాంట్లూ చొక్కాలూ కలిపి బొంతలు కుట్టారు. 2002లో వాటిని న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం గోడలకు పెద్ద చిత్రకారుల బొమ్మల్లా వేలాడదీశారు. మోకాళ్ళ దగ్గర రంగు వెలిసిన ముక్కలు వాటిలో అలాగే కనిపిస్తాయి.

నాలుగో వారం క్రోషే. తెలుగువాళ్ళకు ఈ పని నరసాపురం లేసుగా తెలుసు. 19వ శతాబ్దం నడుమ గోదావరి డెల్టాకు వచ్చిన క్రైస్తవ మిషనరీలు అక్కడి ఆడవాళ్ళకు నేర్పారు, క్రమంగా విదేశాలకు ఎగుమతి అయ్యే సరుకైంది. 2024లో దానికీ భౌగోళిక గుర్తింపు దక్కింది. నరసాపురం పనికి సన్నని ఉక్కు సూది, సన్న నూలు దారం కావాలి, కంటికి శ్రమ. పాత చీర పట్టీతో అల్లే పనికి వేలెడు లావు సూది చాలు. వెదురుబద్దను నున్నగా చెక్కి కొసన కొక్కెంలా గాడి తీసి, గరుకు కాగితంతో రుద్దుకుంటే ఇంట్లోనే తయారవుతుంది. గాడిలో ఈనె మిగిలితే ప్రతి కుట్టుకూ బట్ట తగులుకుంటుంది, కాబట్టి రుద్దడంలో బద్ధకించవద్దు.

బొంతకు పనికిరాని చీరను రెండు సెంటీమీటర్ల పట్టీలుగా పొడవునా చింపాలి. కొసన కత్తెరతో చిన్న గాటు పెట్టి లాగితే నూలు పోగు వెంటే తిన్నగా చిరుగుతుంది. ఒక చీరకు 57 పట్టీల దాకా వస్తాయి, అన్నీ కలిపితే 300 మీటర్ల పైమాటే. పట్టీకి పట్టీ ముడి వేస్తే పాదానికి గుచ్చుకుంటుంది. రెండు కొసల్లో చిన్న గాట్లు పెట్టి, ఒకదాని గాటులోంచి రెండోదాన్ని దూర్చి, రెండోదాని అవతలి కొసను దాని గాటులోంచే లాగితే ముడి లేకుండా బిగుసుకుంటుంది. పెద్ద ఉండగా చుట్టుకోండి.

గుండ్రని పట్టా అల్లడంలో రహస్యం అంతా లెక్కలోనే. చిన్న కుట్టుతో అల్లితే మొదటి చుట్టులో ఆరు కుట్లు. రెండో చుట్టులో పన్నెండు, మూడులో పద్దెనిమిది, నాలుగులో ఇరవై నాలుగు, ఇలా చుట్టుకు ఆరు పెంచుతూ పోవాలి. రెండో చుట్టులో ప్రతి కుట్టులోనూ రెండేసి, మూడులో ఒక కుట్టులో ఒకటీ తర్వాతి కుట్టులో రెండూ, నాలుగులో రెండు కుట్లలో ఒక్కొక్కటీ మూడోదానిలో రెండూ. ఈ లెక్క తప్పితే పట్టాయే చెబుతుంది. అంచులు గిన్నెలా పైకి లేస్తే పెంచాల్సిన కుట్లు తక్కువయ్యాయి, కుచ్చులా అలలు తిరిగితే ఎక్కువయ్యాయి. అలా కనిపించిన వెంటనే ఒక చుట్టు విప్పి సరిచూసుకోండి. సూది తీసి కొస లాగితే క్రోషే అంతా సులువుగా ఊడొస్తుంది, బట్ట పాడవదు. భయం లేకుండా నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి పని లేదు.

ఇక స్వెట్టరు. కొనేముందే లోపలికి తిప్పి పక్కకుట్టు చూడండి. యంత్రంతో కత్తిరించి ఓవర్‌లాక్ వేసిన కుట్టయితే వదిలెయ్యండి, విప్పితే జానెడు ముక్కలే వస్తాయి. రెండు అంచులూ నిండుగా ఉండి, మధ్యన గొలుసులా కలిపిన కుట్టయితే ఊలు ఒకే పోగుగా వస్తుంది. కలిపిన దారాన్ని ఒకచోట తెంపి లాగితే పక్కకుట్టు జిప్పులా విడిపోతుంది. తర్వాత మెడ వైపు నుంచి మొదలుపెట్టాలి. చాలా స్వెట్టర్లను కింది నుంచి పైకి అల్లుతారు గనుక, విప్పడం పై నుంచి కిందికి సాగుతుంది. విప్పిన ఊలు వంకీలు తిరిగి ఉంటుంది. కుర్చీ వీపుకు చుట్టి, నాలుగు చోట్ల వదులుగా దారం కట్టి, తీసి గోరువెచ్చని నీళ్ళలో ముంచి, కొసకు కొద్దిపాటి బరువు వేలాడగట్టి నీడన ఆరనిస్తే తిన్నగా అవుతుంది. ఆ ఊలుతో మఫ్లరో, పిల్లల టోపీయో, రకరకాల రంగుల చదరాలు అల్లి అతికిన చిన్న దుప్పటో మీ ఓపికను బట్టి.

డబ్బు సంగతి కూడా మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఈ పని వచ్చినవాళ్ళకు ఇరుగుపొరుగు నుంచి అడగడాలు మొదలవుతాయి. బజార్లో క్రోషేలా కనిపించే యంత్రపు లేసు దొరుకుతుంది గానీ అది వేరే అల్లిక. అసలు క్రోషే ప్రతి కుట్టూ చేత్తో వేసిందే. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ నరసాపురం లేసు స్త్రీల మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. రోజంతా అల్లే ఆడవాళ్ళ శ్రమను గృహిణులు తీరిక వేళల్లో చేసుకునే పనిగా లెక్కగట్టడం వల్లే వాళ్ళ కూలి అంత తక్కువగా నిలిచిపోయిందని ఆమె వివరించింది. బొంతకూ ఇదే జరుగుతోంది. ఉతకడం, వేరు చెయ్యడం, టాకాలు, వరసలు, అంచు కలిపితే ఒక మనిషి బొంతకు పాతిక గంటలకు తక్కువ పట్టదు. పాత చీరే కదా అని మూడు వందలు చేతిలో పెడితే గంటకు పన్నెండు రూపాయలు మించదు. అమ్మేవాళ్ళు చీర ధర చూసుకోకుండా గంటలు లెక్కగట్టి ధర చెప్పాలి. కుట్టించుకునేవాళ్ళు కూడా అలాగే ఇవ్వాలి. చుట్టాలకు ఊరికే కుట్టిపెడితే అది వేరు, అక్కడ లెక్క అక్కర్లేదు.

తయారైన బొంతను ఏడాదికి రెండుసార్లు ఉతికితే చాలు. తడిసిన బొంత చాలా బరువెక్కుతుంది, ఒక కొస పట్టుకుని బకెట్లోంచి ఎత్తితే కుట్లు తెగుతాయి, రెండు చేతులూ కిందకు పెట్టి ఎత్తాలి. ఒకే తాడు మీద వేలాడదీస్తే మధ్యలో సాగిపోతుంది, పక్కపక్కన కట్టిన రెండు తాళ్ళ మీద అడ్డంగా పరచాలి. పెట్టెలో పెట్టేటప్పుడు ప్రతిసారీ ఒకే మడత మీద మడవకండి, మడత దగ్గరే బట్ట ముందు చిరుగుతుంది. వేపాకు ఎండబెట్టి గుడ్డలో కట్టి పొరల మధ్య పెట్టుకోవచ్చు. పైపొర అరిగితే ఆ బొంత మీదే ఇంకో చీర పరిచి, పాత వరసల మధ్య ఖాళీలో కొత్త వరసలు కుట్టుకోండి. పాత వరసల మీదే కుడితే ఆ బెజ్జాలు పెద్దవై లోపలి పొరలు చిరుగుతాయి.